పగటి పరదా

మా అమ్మ రోజమ్మకు ఎనభై నాలుగేళ్ళు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గాని నోరు ఇంకా మొరాయించలేదు. డిసెంబరులో ఒక ఉదయం తొమ్మిదింటికల్లా నల్ల శాలువా కప్పుకుని, ఏక్‌బాల్‌పూర్‌లోని మా ఇంటి గుమ్మంలో నిలబడి నన్ను తొందరపెట్టింది. రేవు దగ్గర కొత్తగా పెట్టిన చిన్న మ్యూజియంలో, మా నాన్న చూసుకున్న లైట్‌హౌస్ అద్దాన్ని ఆ రోజు పదకొండింటికి జనానికి చూపించబోతున్నారు.

మా నాన్న సత్యరాజు భీమిలి నుంచి వచ్చి, హుగ్లీ నది సముద్రంలో కలిసేచోట ఆ లైట్‌హౌస్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు దీపం వెలిగించాడు. నెలకు మూడు రోజులు ఇంటికి వచ్చేవాడు. ఆ మూడు రోజులూ కిటికీ అద్దాలు, బీరువా అద్దం, చివరికి నా కళ్ళజోడు కూడా ఆయన తుడవాల్సిందే. తుడిచేముందు వేలి ఉంగరం తీసి జేబులో వేసుకునేవాడు. అద్దం మీద గీత పడితే ఓడకు వెలుగు తప్పుతుందట. మా బీరువాను చూసి దారి తెలుసుకున్న ఓడ ఏదీ లేదు గాని, అలవాటు అలవాటే. అది అమ్మకూ అంటింది.

లైట్‌హౌస్‌కు కరెంటుతో నడిచే కొత్త దీపం వచ్చాక పాత అద్దాన్ని దింపి ఇక్కడికి తెచ్చారు. దాని చరిత్రను ఒక పెద్ద బోర్డు మీద రాసి గోడకు తగిలించారు. లైట్‌హౌస్ కట్టించిన దొర పేరుంది, రాయి తోలిన కాంట్రాక్టరు పేరుంది. దీపం వెలిగించిన వాళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'మద్రాసీ లస్కర్లు', అంటే దక్షిణాది ఓడ కూలీలు, అని ఒక్క ముక్క. వారం కిందట అది చూసి నాకు ఒళ్ళు మండింది. రైల్వే స్కూల్లో ముప్పై ఏళ్ళు పిల్లల హాజరు పిలిచినదాన్ని, పేరు లేని మనిషి ఉంటాడంటే ఎలా ఒప్పుకుంటాను? మ్యూజియం చూసుకునే తథాగత బాబును నిలదీశాను. మంచివాడే గాని కాగితం మనిషి. నాన్న ఉద్యోగం కాగితం ఒక్కటి తెస్తే పేరు రాస్తానన్నాడు. ఆ కాగితాలన్నీ ఎప్పుడో ఇంట్లోకి వచ్చిన వాన నీళ్ళలో నానిపోయాయి. తాను పోయేలోగా ఆ పేరు గోడ మీద చూడాలని అమ్మ పట్టు.

మేం వెళ్ళేసరికి కుర్చీలు వేస్తున్నారు. దక్షిణం వైపు పెద్ద కిటికీ ముందు, భూతద్దాల్లాంటి పలకలు గుండ్రంగా పేర్చిన మనిషెత్తు అద్దం తళతళలాడుతోంది. ఒకప్పుడు దీపం ఉండే నడిమి చోట మఖమల్ గుడ్డ పరిచి, దొర పేరు రాసిన అట్ట నిలబెట్టారు. అమ్మ బోర్డు వంక చూడనే లేదు. అద్దాన్ని చూసింది, కిటికీని చూసింది.

"పరదా ఏదీ?" అంది.

పగలంతా అద్దానికి పరదా కట్టి ఉంచాలని, ఎండ లోపలికి పోకూడదని తథాగత బాబుకు బెంగాలీలో చెప్పింది. జనం వచ్చేదే అద్దం చూడటానికి కదా మాషిమా, దాచేస్తే ఎలా అని అతను పిన్ని వరస కలిపి నవ్వి, అతిథుల కోసం వాకిట్లోకి వెళ్ళాడు. అమ్మ అద్దం పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది.

పదిన్నరకు సూర్యుడు రేవు క్రేను చాటు దాటాడు. కాసేపటికి దొర పేరు మీద గోధుమరంగు మచ్చ పడింది. మచ్చ నల్లబడింది. మఖమల్ లోంచి పొగ లేచింది. ఎవరో కేక వేశారు. తథాగత బాబు నీళ్ళ సీసాతో పరుగెత్తుకొచ్చాడు. కంగారులో అమ్మకు బెంగాలీ నోటికి రాలేదు.

"నీళ్ళు పొయ్యొద్దను! అద్దం వేడెక్కిపోనాది, పగిలిపోద్ది."

నేను బెంగాలీలో అరిచాను. అతను ఆగాడు. అమ్మ లేచి, చేతి గాజులు రెండూ తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. అప్పుడు శాలువా విప్పి ఎండ పడే వైపు అద్దం మీద కప్పింది. ఎండ ఆగింది. పొగ సన్నబడి ఆరిపోయింది.

నిప్పు అంటుకుంటుంటే గాజులు తీయడమేమిటని విసుక్కున్నాను.

"తియ్యకపోతే గీత పడదేటి?" అంది అమ్మ.

అమ్మ ఏమందని తథాగత బాబు అడిగితే ఆ మాట చెప్పాను. అతను నీళ్ళ సీసా పక్కన పెట్టేశాడు. పగలు పరదా కట్టాలని, ఉంగరంతో అద్దం ముట్టకూడదని పాత రూల్సు పుస్తకంలో తాను చదివానని, చదివి కూడా మరిచిపోయానని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. ఇవన్నీ ఎవరు నేర్పారని అమ్మను అడిగాడు.

"మా ఆయన. సత్యరాజు," అంది అమ్మ. "ముప్పై ఒక్క ఏళ్ళు తుడిసినాడు. ఒక్క గీత ఉందేటో సూసుకోమను."

అతను టార్చి తెచ్చి, శాలువా లేని వైపు నుంచి ఒక్కొక్క అద్దమే పట్టి చూశాడు. మొత్తం చుట్టి వచ్చాడు. గీత లేదు.

"ఇదే మా నాన్న కాగితం. చదువుకోండి," అన్నాను. నాకు గర్వంగా ఉంది. దాచుకోవాలనిపించలేదు.

అతిథులను ఇరవై నిమిషాలు నిలబెట్టి మరీ, తథాగత బాబు 'మద్రాసీ లస్కర్లు' అన్న ముక్క కింద నాన్న పేరు బెంగాలీలో రాశాడు. తెలుగులో నన్ను రాయమన్నాడు. నల్లబల్ల మీద రాసిన చెయ్యి గనక అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. అమ్మకు చదువు రాదు. వేలితో ఆ అక్షరాలను ఒక్కొక్కటే తడిమింది. వంగిన నడుము ఆ కాసేపు నిటారుగా నిలబడింది.

ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఫోను మోగింది. గాజులు కిటికీ గట్టు మీదే ఉండిపోయాయని, మనిషినిచ్చి పంపుతానని తథాగత బాబు. అమ్మకు చెప్పాను.

"అక్కడే ఉండనీ," అంది అమ్మ, చెయ్యి కడుక్కుంటూ. "రేపొద్దున్న మల్లీ తియ్యాల కదా. పొగకి అద్దం మసిబారింది. వాలకి తుడవడం రాదు."