‘వాగొడ్డు’ ఆవిష్కరణ సభ

ఇర్మె ఏడుపుకు చప్పట్లు కొట్టింది మీరే. బచేలి గనుల క్వార్టర్లలో కూర్చుని కవిత్వాన్ని ఉద్ధరిస్తున్న సాహిత్య సంఘం పెద్దలారా, మిమ్మల్నే అంటున్నాను.

మా పత్రిక పేరు ‘వాగొడ్డు’. మద్దేడ్‌లో జిరాక్స్ తీసి, సూదీదారంతో కుట్టుకునే కవితల పత్రిక. ఒక పేజీలో మా అడవి పల్లెల భాష దోర్లీలో పాట, ఎదురు పేజీలో దానికి నేను రాసిన తెలుగు. సంతలో ఉప్పు దుకాణానికీ ఎండుచేపల దుకాణానికీ మధ్య నిలబడి ఎవరి పాట వాళ్లే వినిపిస్తారు. జనం విన్నాకే కొంటారు. నచ్చకపోతే మొహం మీదే చెప్పి పోతారు. ఆవిష్కరణ అనే ముచ్చట మాకు లేదు. అది మీరు నేర్పారు.

మీ కార్యదర్శి ప్రశాంతి గారు ఫోన్ చేశారు. “ఈసారి సంచిక మా హాల్లో ఆవిష్కరిద్దామండీ. రోడ్లూ వంతెనలూ చూసే పెద్దసారు ముఖ్య అతిథి. ఆయన కూడా కవేనండీ! మీ గిరిజన కవయిత్రిని ఎవరినైనా తీసుకురండి, స్టేజీ నిండుగా ఉంటుంది.”

ఆ మాట మా పత్రికకు పాటలు కట్టే ఇర్మెకు చెప్పాను. ఆమె చెల్లెలు కమ్లీ పోయిన వానాకాలం నొప్పులు పడుతూ వంతెన లేని మా వాగు దగ్గరే చనిపోయింది. ఆసుపత్రికని మంచం మీద మోసుకొచ్చి, నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే ఉంచారు. నీళ్లు తగ్గాయి. అప్పటికి కమ్లీ లేదు. దాని మీద ఇర్మె కట్టిన పాటే ఈ సంచికలో వేశాం.

“వంతెన సారు నిజంగ వస్తడా అక్కా? నా పాట వింటడా?”

“నిన్ను పిలిచిందే అందుకు గదనే.”

“అయితే వస్త. ఆయన చెవుల పడాలె. నా కోడలు మీనాకు ఈ వానలల్లనే కాన్పు.”

మీ స్టేజీ మీద ఇర్మెను నట్టనడుమ కూర్చోబెట్టారు. అధ్యక్షుడు రెండు మాటలు మాట్లాడతానన్నాడు. ఆ రెండు మాటలకే ఎండ వాలిపోయింది. సన్మానం చేసినవాళ్లకు మళ్లీ సన్మానం జరిగింది. పెద్దసారు పత్రికకు కట్టిన రిబ్బను విప్పి, అట్టను కెమెరా వైపు తిప్పి పట్టుకున్నాడు. లోపల ఏముందో చూడలేదు. తర్వాత తన కవిత చదివాడు. అడవి బిడ్డకు గొంతు లేదట, ఆమె గొంతు తానేనట. పక్క కుర్చీలో ఇర్మె గొంతు సవరించుకుంటోంది.

కవిత అయిపోగానే ఆయన లేచాడు.

“మరి నా పాట?” ఇర్మె అడిగింది.

“టైం లేదమ్మా, సార్‌కి దంతెవాడలో ఇంకో మీటింగుంది.” ప్రశాంతి గారు శాలువా కప్పబోయారు.

ఇర్మె శాలువా పక్కన పడేసి, గుమ్మానికి అడ్డంగా నిలబడి పాడింది. కమ్లీ పేరు చెప్పింది. వాగు ఎంత ఎత్తున పారిందో చెప్పింది. వంతెన ఎవరు వేయాలో చెప్పింది. అంతా దోర్లీలోనే. ఏడుపుపాటే, కానీ దరువుంది. ఆ దరువుకు మీ హాలు నిద్రలేచింది. ముందు వరుస చప్పట్లు అందుకుంది. ఫోన్లు పైకి లేచాయి. పెద్దసారు తాళం వేస్తూ భుజాలు ఊపాడు.

“వాహ్! క్యా లోక్‌గీత్ హై! కోతల పాటా అమ్మా?”

“పీనుగ పాట,” అన్నాను నేను. “తెలుగు మీ చేతులనే ఉన్నది సారూ. పేజీ తిప్పి చదువుండ్రి.”

“తప్పకుండా. తీరిగ్గా ఆస్వాదిస్తాను.” పత్రికను డ్రైవర్ చేతికిచ్చి బండెక్కాడు.

ప్రశాంతి గారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. “ప్రోగ్రాంలో లేకపోయినా అదే హైలైట్ అయిందండీ!”

తిరుగు బస్సు గీదం దాటింది. ఇర్మె అంది: “సంతల బాగలేకుంటే తిడతరు. తిట్టెటోడు విన్నట్టే గద అక్కా. వీళ్లేంది, మెచ్చుకోని ఎల్లగొట్టిండ్రు?”

 దీనికి జవాబు మీరే చెప్పండి.

ప్రశాంతి గారు మళ్లీ ఫోన్ చేశారు. వచ్చే సంచికకూ హాలు సిద్ధమట, ఇర్మెకు పురస్కారం కూడా అట. అక్కర్లేదు. ఆ సారుతో పక్కపక్కన కూర్చుని టీ తాగే పరిచయం మీకుంది, మాకు లేదు. దాన్ని వాడండి. వానలు పడకముందే ఆయన్ని మా వాగు దగ్గరికి తీసుకురండి. కుర్చీలు తేవొద్దు, దండలు తేవొద్దు. ఆ తెలుగు పేజీ ఆయనే పైకి చదవాలి, ఇర్మె ఎదురుగా నిలబడి వింటుంది. చదివాక, మీనాను మంచం మీద మోసుకొచ్చే రోజు ఈ నీళ్లు ఎలా దాటాలో ఆయన అక్కడే చెప్పాలి. చెప్పలేకపోతే వంతెన పని మొదలుపెట్టించేదాకా మీరెవరూ ఆయన్ని వదలొద్దు. రేపే బయల్దేరండి.