ఎద్దు పక్కన మనిషి

మాది ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు. ముందు గదిలో గాజు పలకలు, బీడింగు కర్రలు, నేను. వెనక గదిలో రంపం, రంపపు పొట్టు, మా నాన్న. ఎవరి తాత మీసం ఎటు తిరిగి ఉంటుందో నాకు కంఠతా వచ్చు. బతికున్నన్నాళ్లూ పెద్దాయనకు మంచినీళ్లయినా ఇవ్వని వాళ్లు, పోయాక బంగారు రంగు బీడింగే కావాలని నా ప్రాణం తీస్తారు. ఇంతమందిని గోడలెక్కించిన మా ఇంట్లో మాత్రం ఒక్క తాత మొహం లేదు.

మా తాత పరాయి పొలంలో పాలేరు. నాన్న పసివాడిగా ఉన్నప్పుడే పోయాడు. ఏ ఊరి నుంచి వచ్చాడో, ఆయన తండ్రి ఎవరో నాయనమ్మకు కూడా చెప్పలేదట. నాన్నకు అదొక మానని పుండు. వయసు మీద పడే కొద్దీ మరీ సలపడం మొదలైంది. కొట్టుకు ఏ పాత ఫోటో వచ్చినా ముందు తనే అందుకుని, మూలల్లో నిలబడ్డ మొహాలన్నీ వెతికేవాడు.

"పెళ్లి ఫోటోలో కూడానా నాన్నా?" అనేదాన్ని.

"కుర్చీలు మొయ్యడానికైనా పిలిచి ఉంటారు కదే" అనేవాడు.

తండ్రి గురించి ఆయనకు గుర్తున్నది ఒకటే. మోకాళ్ల దాకా బురదతో వచ్చేవాడట. వచ్చి గుమ్మంలో గంజి తాగి, మళ్లీ యజమాని కొట్టంలోని ఎద్దు దగ్గరకే పోయేవాడట. దాన్ని తోమి, కొమ్ములకు నూనె పట్టించేవాడట. నాయనమ్మ తలకు చుక్క నూనె లేని రోజుల్లో. "ఆ చెయ్యి నా తల మీద ఒక్కసారి పడిన గుర్తు లేదు" అనేవాడు నాన్న. ముసలివాడయ్యాక కూడా ఆ మాట దగ్గర ఆయన మూతి బిగుసుకునేది.

ఒక ఉదయం కాంట్రాక్టరు ఒకాయన వచ్చాడు. కొత్త ఇల్లు కట్టుకున్నాడట, హాల్లో ఒక గోడంతా తన వంశానికి వదిలాడట. బల్ల మీద ఫోటోలు పరిచాడు. కోట్లు, చేతికర్రలు, కాలు మీద కాలు వేసుకున్న పెద్దమనుషులు. అన్నిటికంటే అడుగున ఒక ఎద్దు, మెడలో పతకం.

నాన్న ఆ ఫోటో అందుకున్నాడు. "చుక్కోడు!" అన్నాడు.

నుదుట తెల్ల చుక్క, కిందికి వంగిన ఎడమ కొమ్ము. ముందు ఎద్దును గుర్తుపట్టాడు. ఆ తర్వాతే ఆయన చూపు దాని పక్కన పలుపు పట్టుకున్న మనిషి మీదికి జరిగింది. బక్కపలచటి మనిషి, ఒక పాదం మీద రెండో పాదం వేసుకుని నిలబడ్డాడు. బేరం లేని పూట మా కొట్టు గుమ్మంలో నాన్న అచ్చం అలాగే నిలబడతాడు.

"దీని పేరు మీకెలా తెలుసండీ?" అన్నాడు కాంట్రాక్టరు. నాన్న ఫోటోను నా వైపు తిప్పాడు. "పక్కన ఈయనెవరండీ?" అని నేనే అడిగాను.

"ఎవరో పాలేరులేమ్మా. ఎద్దు సంగతి వినండి. దీని తల్లిది ఏటికి అవతల, పెద్ద దిబ్బ కింద మంద. తెల్లావు. దాని తల్లికి కరువులో కూడా పాలచేపు తగ్గలేదట. తండ్రిదీ ఆ చుట్టుపక్కలే, ఆ తండ్రి తండ్రికీ పతకం వచ్చింది. మా తాత మోజుపడి దూడగా ఉన్నప్పుడే కొన్నాడు. ఇంటికొచ్చాక అది మేత ముట్టనంటే, అక్కడ దాన్ని కాసే కుర్రాణ్ణి కూడా తెప్పించాడు. వీడే ఆ కుర్రాడు."

"ఆ కుర్రాడి తండ్రి ఎవరో?"

"భలేదానివమ్మా! అవన్నీ ఎవరు అడుగుతారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎద్దు తాత దాకా తడుముకోకుండా చెప్పిన నోరది. మండితే మాత్రం ఏం చేయను? మా తాత పుట్టిన చోటు మాకు దొరికింది కూడా ఆ నోట్లోంచే. ఎద్దుది ఏ మందో మా వంశానిదీ అదే ఊరు.

"తర్వాత ఏమయ్యాడండీ ఆయన?"

"ఒక ఏడు నాట్ల మధ్యలో చెప్పాపెట్టకుండా మానేశాడట. మా తాత తెగ తిట్టుకునేవాడు."

"మానెయ్యలేదు" అన్నాడు నాన్న. "చచ్చిపోయాడు. ఆయన మా నాన్న."

కాంట్రాక్టరు కాసేపు ఎటు చూడాలో తెలియక గాజు పలకల వైపు చూశాడు. "అయ్యో, అలాగా అండీ" అన్నాడు. తర్వాత మొహం తేటపడింది. "అయితే మంచిదే అయింది. మా వాళ్ల మధ్య బాగుండదని, ఆ మనిషిని కోసెయ్యమని ఎలాగూ చెబుదామనే వచ్చాను. ఎద్దు ఉంటే చాలు నాకు. ఆ ముక్క మీరే ఉంచుకోండి." ఏదో దానం చేసినట్టు చెప్పి వెళ్లాడు.

"కొయ్యడం తర్వాత. ముందు మొత్తం ఫోటోకి కాపీ తీయిద్దాం నాన్నా. పెద్దది చేయించి మన గోడకు పెట్టుకుందాం" అన్నాను.

"ఎద్దుతో సహానా?" నాన్న గొంతు లేచింది. "మా నోటి కూడు అది తింది. మా నాన్ననూ అదే తింది. ఇప్పుడు నా గోడ మీద కూడా దానికి చోటివ్వాలా? కోసెయ్."

ఎంత చెప్పినా వినలేదు. దొంగచాటుగా ఫోన్లో తీసుకోగలను. ఆయన మొహం చూశాక మనసు రాలేదు. స్కేలు పెట్టి, కొత్త బ్లేడు తీశాను. పలుపు సంగతి వదిలేస్తే మనిషికీ ఎద్దుకూ మధ్య వేలెడు సందుంది, ఒక్కచోట తప్ప. తాత ఒక చేత్తో పలుపు పట్టుకుని, రెండో చెయ్యి చాచి ఎద్దు నుదుటి మీద, చుక్క కింద ఆనించాడు. ముద్దు చేస్తున్న చెయ్యి అది, ఫోటోలోనే తెలుస్తోంది.

"నాన్నా, ఈ చెయ్యి అటు పోతుంది."

నాన్న వచ్చి చూశాడు. చాలాసేపు ఆ చేతినే చూశాడు.

"అది దానిదేలే" అన్నాడు. "దానికే ఉండనీ."

కోశాను. కాంట్రాక్టరు తన ఎద్దును తీసుకెళ్తూ, నుదుటి మీద మిగిలిన చెయ్యి కనపడకుండా రంగు వేయలేనా అని సణిగాడు. వేయనన్నాను.

మణికట్టు దగ్గర ఆగిపోయిన తాత ఇప్పుడు మా కొట్టు గోడ మీద ఉన్నాడు. నాన్న రోజూ ఆ గాజు తుడుస్తాడు. తుడిచాక కాసేపు దాని కింద తల వంచుకుని నిలబడతాడు. దండం పెట్టుకుంటున్నాడని కొట్టుకొచ్చిన వాళ్లు అనుకుంటారు. ఆ తల దేనికోసం వంగుతుందో నాకు తెలుసు. ఆ చెయ్యి కాంట్రాక్టరు హాల్లో, ఎద్దు నుదుటి మీద ఉంది.