కొల్లేట్లో వదిలేసిన లైటు

నేను ఒక పెట్రోమాక్స్ లైటుని. ఇత్తడి పొట్ట, గాజు చిమ్నీ, లోపల మండి వెలిగే తెల్లని వలసంచి, అదే మేంటిల్. మొదట్లో ఒక ఊళ్ళో పెళ్ళి ఊరేగింపుల్లో మనుషుల నెత్తిమీద తిరిగాను. వెలుగంతా పెళ్ళికొడుకు మొహానికి, వేడంతా మోసేవాడి మాడుకి. ఆ ఊళ్ళో కరెంటు దీపాలొచ్చాక నన్ను కొల్లేటి లంకలో పడవ నడిపే పోతురాజుకి అమ్మేశారు.

ఒక వానాకాలం సాయంత్రం నాంచారమ్మ నెలల పాపను పొదువుకుని అతని పడవెక్కింది. పాపకి పొద్దుటినుంచీ ఆయాసం, డొక్కలెగరేస్తోంది. ఆసుపత్రి అవతలి ఒడ్డున. పోతురాజు నన్ను వెలిగించి పడవ ముందు గుంజకి తగిలించాడు. నీళ్ళమీద అల్లుకున్న గుర్రపుడెక్క మధ్య సన్నటి దారి. అటూ ఇటూ వలలు కట్టిన వెదురు కర్రలు. వెలుగు లేకపోతే పడవ వాటిల్లో ఇరుక్కుపోతుంది.

మసక పడగానే పురుగులు లేచాయి. ముందు ఒకటీ అరా గాజుకి కొట్టుకున్నాయి. ఆ తర్వాత నీళ్ళమీంచి పొగ లేచినట్టు లేచి, నాంచారమ్మ జుట్టునీ పోతురాజు కనురెప్పల్నీ కమ్మేశాయి.

"బాబాయ్, పాప ముక్కులోకి పోతన్నాయి!"

"కొంగు కప్పమ్మా!"

"కప్పితే ఊపిరాడట్లేదు!"

కొంగు తియ్యడం, కప్పడం, వేలు పెట్టి పాప నోట్లోంచి పురుగుల్ని లాగడం, అదే పని. వాటిని పిలిచింది నేనే. ఆరిపోదామన్నా అది నా చేతిలో లేదు.

ఎలాగో ఆ దారి దాటి పడవ, డెక్కా వలలూ లేని బారునీళ్ళలో పడింది. దూరంగా ఒడ్డున దీపాలు కనిపించాయి.

"ఇంక ఆర్పెయ్ బాబాయ్!"

"ఆర్పితే ఇయ్యన్నీ మన మీదే వాల్తాయమ్మా."

పోతురాజు నావైపు చూశాడు. పడవ వెనక తాడుకి తాటిమొద్దు తొలిచిన చిన్న దోనె కట్టి ఉంది. నన్ను తీసి అందులో పెట్టి, గబగబా పంపు కొట్టి వెలుగు పెంచి, తాడు కోసేశాడు.

పడవ చీకట్లోకి పోయింది. పురుగులు నాతో ఉండిపోయాయి.

అంత ఎక్కువగా నేనెప్పుడూ వెలగలేదు, అంత ఒంటరిగానూ. పాప ఏడుస్తుందేమోనని చెవులు రిక్కించాను. ఏడుపు లేదు. నీళ్ళలో గెడ వేస్తున్న చప్పుడే, కాసేపటికి అదీ లేదు. పురుగులు గాజుని కప్పేసి, లోపలికి దూరి మేంటిల్ రాల్చేశాయి. ఆరిపోయాను.

తెల్లారాక పోతురాజు ఒక్కడే వచ్చాడు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. దోనెలోంచి చచ్చిన పురుగుల్ని దోసిళ్ళతో తోడి పోస్తున్నాడు. నాకు అడిగే నోరు లేదు. ఇంతలో వలలు చూసుకుంటున్న ఒకతను అటునుంచి కేకేశాడు.

"మావా, పాపకెలా ఉంది?"

పోతురాజు చేతులు నీళ్ళలో కడుక్కుని తీరిగ్గా జవాబు చెప్పాడు.

"పొద్దున్నే పాలు తాగింది. ఏడుపందుకుంటే ఆసుపత్రంతా లేచింది."

తర్వాత ఎప్పుడో నాంచారమ్మ అదే పడవలో ఇంటికి తిరిగొచ్చింది. పట్టపగలు. గుంజకి వేలాడుతున్న నన్ను చూడగానే పాపని అవతలి భుజం మీదికి మార్చుకుని, నాకు వీలైనంత దూరంగా పడవ చివర కూర్చుంది. నేనేమీ అనుకోలేదు.