శుభరాత్రి దిండు తిన్న గుద్దులు

ఆ మంచి కబురు వచ్చినప్పుడు నేను కౌముది గడ్డం కింద ఉన్నాను. ఆదివారం ఉదయం. ఆమె బోర్లా పడుకుని, మోచేతులు నా మీద ఆనించి, కిటికీ చువ్వ మీద పాకుతున్న గండుచీమని చూస్తోంది. చీమ కాళ్ళకి కూడా నూగు ఉంటుందని పక్కనున్న మొగుడికి చెప్పబోతోంది. ఇంతలో ఫోను మోగింది.

"అవునండీ, కౌముదినే... నిజమా అండీ?... తప్పకుండా అండీ... థాంక్సండీ!"

ఫోను మంచం మీదకి విసిరేసి, నన్ను రెండు చేతులా ఎత్తుకుని గదంతా గిరగిరా తిరిగింది. ఆ తిరుగుడికి నాలో ఉన్న దూదంతా ఒక మూలకి చేరిపోయింది. గిరిధర్ మంచం మీద లేచి కూర్చుని, ఏమిటో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. పెళ్ళై నెల కూడా కాలేదు. ఆ ఇంట్లో నవ్వడానికి అప్పటికింకా కారణం అక్కర్లేదు.

నేను ఒక బూరుగుదూది దిండును. నర్సీపట్నం దగ్గర కొండవాలులో పుట్టాను. కాయ పగిలిన రోజున గాలికి ఎగిరిపోవలసినదాన్ని, గింజలు తీసేవాళ్ళ చేతికి చిక్కి అనకాపల్లి చేరాను. అక్కడ మస్తాన్ అనే ఆయన నన్ను కర్రతో చితక్కొట్టి, ఎర్రచారల గుడ్డలో కూరి, మూతి కుట్టేశాడు. కౌముది నాన్న కొనడానికి వచ్చినప్పుడు, పిడికిలి బిగించి నా పొట్టలో ఒక్క గుద్దు గుద్దాడు. నేను నెమ్మదిగా పైకి లేచాను. "బాగుంది, కట్టండి" అన్నాడు. మెత్తనిదాన్ని నమ్మాలంటే మనుషులు ముందు గుద్ది చూస్తారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కౌముది పెద్దమ్మ నా గలీబు మీద రెండు చిలకలనీ, వాటి మధ్య 'శుభరాత్రి' అన్న అక్షరాలనీ గులాబిరంగు దారంతో కుట్టింది. సారెతో పాటు వ్యాను ఎక్కి, విశాఖపట్నంలో కంచరపాలెం వచ్చాను. నా బతుకంతా ఇద్దరి గుసగుసలు వింటూ సాగిపోతుందని అనుకున్నాను. తప్పు పట్టకండి, చిలకలున్న దిండు ఇంకేమనుకుంటుంది?

వచ్చిన ఉద్యోగం పెద్దదేమీ కాదు. రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చోవడం. అయితే కాలేజీలో మొదటిసారి ఉల్లిపొరని మైక్రోస్కోపులో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషికి అది చిన్న సంగతీ కాదు. మధ్యాహ్నం డ్యూటీ. ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. పదిహేను రోజుల తర్వాత వచ్చే సోమవారం చేరాలి, లేకపోతే ఇంకొకరిని పిలుస్తారు.

అత్తగారు పైడమ్మ కబురు విని, చేటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపింది.

"ఉజ్జోగం మంచిదే తల్లీ. ఏళే మంచిది కాదు. సీకటడ్డాక ఆడకూతురు ఒక్కర్తీ బస్సెక్కి వస్తాదా?"

"నేను వెళ్ళి తీసుకొస్తాలే అమ్మా" అన్నాడు గిరిధర్. అతనిది పోర్టులో షిఫ్టుల పని.

"నీకు రాత్రి డూటీ పడితే, ఓడ దగ్గర నిలబడి ఎలా తెస్తావురా?"

గిరిధర్ తన షిఫ్టులు వేళ్ళ మీద లెక్కపెట్టసాగాడు. పైడమ్మే చివరికి అంది. "తనని తను కాసుకోగలదని నాకు దైర్యం రానీ. అప్పుడు ఎల్లమను."

కాదని వెళ్ళిపోవచ్చు, మొగుడు తన పక్షమే. కానీ రోజూ రాత్రి తొమ్మిదిదాకా ఒక మనిషిని గేటు దగ్గర గుండె చేతపట్టుకుని నిలబెట్టి, తను అక్కడ మైక్రోస్కోపులో అందాలు చూడటం కౌముదికి ఇష్టం లేదు. ఆ రాత్రి నాతోనే చెప్పుకుంది ఆ మాట.

ఇంక చూడండి, ఆ ఇంట్లో అందరూ గురువులైపోయారు. పైడమ్మ కారప్పొడి పొట్లం కట్టి కోడలి హ్యాండుబ్యాగులో పెట్టింది. పర్సు కోసం చెయ్యి పెట్టిన ప్రతిసారీ కౌముది తుమ్మేది. గిరిధర్ నన్ను గోడకి ఆనించి, "గుద్దడమంటే ఇలా" అంటూ బొటనవేలు పిడికిట్లో దాచుకుని ఊగి కొట్టాడు. "అమ్మా!" అని అరిచి ఐసుముక్క కోసం వంటింట్లోకి పరిగెత్తాడు. తిరిగొచ్చి, "అసలు దీనికి ఒంట్లో బలం ఉండాలి కౌముదీ, నీవల్ల కాదు" అని తేల్చాడు. కిలోన్నర తూగని నా మీద వేలు బెణికించుకున్నవాడు బలం గురించి చెబితే, నోరు కుట్టేసి ఉండబట్టి ఊరుకున్నాను.

ఎదురింటి కనకం పిన్ని వచ్చి మంచం అంచున కూర్చుంది. "మన నడత బాగుంటే ఎవడూ జోలికి రాడమ్మా. దించిన తల ఎత్తకుండా వచ్చీ, సాలు."

తలల గురించి నాకు కాస్త తెలుసు. పగలంతా దించుకుని తిరిగిన తలకి రాత్రి నిద్ర పట్టదు.

మద్దిలపాలెంలో ఒక కమ్యూనిటీ హాలులో ఎస్తేరు టీచరు ఆడవాళ్ళకి ఆత్మరక్షణ నేర్పుతోందని గిరిధరే కనుక్కుని వచ్చాడు. హైస్కూల్లో డ్రిల్లు టీచరు ఆవిడ. వారం రోజుల తరగతి. "సామాను ఏమీ లేదు, ఎవరి దిండు వాళ్ళు తెచ్చుకోండి" అందట. అలా నాకు మంచం దిగే యోగం పట్టింది.

నెల తిరగని కొత్తకోడలు దిండు చంకలో పెట్టుకుని గడప దాటితే వీధి ఏమనుకుంటుంది? కనకం పిన్ని చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఏటమ్మా, పుట్టింటికి ఎలిపోతన్నావా? గిరి కొట్టేడా?"

"లేదు పిన్నిగారూ, కొట్టడం నేర్చుకోవడానికి నేనే వెళ్తున్నాను!"

పిన్ని గిరిధర్ మీద జాలితో గుండె మీద చెయ్యి వేసుకుంది.

హాలులో పూలదిండ్లు, చుక్కలదిండ్లు, ఒక పసిపిల్లాడి బుజ్జిదిండు కూడా వచ్చాయి. ఎస్తేరు టీచరు పొట్టి మనిషి, గొంతు మాత్రం హాలు దాటి రోడ్డు మీదకి వినబడుతుంది.

"ఇక్కడ ఎవరినీ పహిల్వాన్లని చెయ్యను. మనం గెలవడానికి రాలేదు, తప్పించుకుని ఇంటికి పోవడానికి వచ్చాం. అర్థమైందా?"

"కారప్పొడి ఉంది మేడమ్" అని ఎవరో అన్నారు.

"సరే. గాలి ఎటు వీస్తుందో చూసి చల్లుతావా? నీ కళ్ళలోనే పడుద్ది. ముందు గొంతు వాడు. దూరం జరుగు. పదిమందికి తెలియనీ."

"గొంతు రాకపోతే?" కౌముది నెమ్మదిగా అడిగింది.

టీచరు ఆ ప్రశ్నకి మాత్రం గొంతు తగ్గించింది. "రాకపోవచ్చమ్మా. ఒక్కోసారి ఒళ్ళు కొయ్యబారిపోతుంది. అది నీ తప్పు కాదు. నోరెత్తినా ఎత్తకపోయినా తప్పు వాడిదే. ఇంకోటి, రౌడీ మొహం కోసం వెతక్కండి. చాలాసార్లు తెలిసినవాడే అవుతాడు."

తర్వాత జతలుగా నిలబెట్టింది. ఒకరు దిండు పట్టుకోవాలి, ఇంకొకరు అరచేత్తో కొడుతూ "దూరం పో!" అని అరవాలి. "ఏయ్ చిలకలమ్మాయ్, 'శుభరాత్రి'లో 'రా' మీద కొట్టు!"

కౌముది ఊపిరి బిగబట్టి, చెయ్యెత్తి, గట్టిగా అరిచింది. "దూరం వెళ్ళండి!"

హాలంతా నవ్వు. "అండీ ఏంటమ్మా? వాడేమన్నా మీ మేనమామా?" అంది టీచరు.

మళ్ళీ అరిచింది. మళ్ళీ 'అండీ' వచ్చింది. పైగా కొట్టిన ప్రతిసారీ నన్ను పట్టుకున్నామె వైపు వంగి, "తగిలిందా అండీ?" అని అడిగేది. ఏం చేస్తుంది పాపం, పాలగిన్నె దగ్గరికి వచ్చిన పిల్లిని కూడా "జరగండి" అనే మనిషి.

ఇంట్లో సాధన మరీ అన్యాయం. గిరిధర్ నన్ను గుండెకి అడ్డం పెట్టుకుని నిలబడేవాడు.

"'పోరా' అను."

"ఛీ, మిమ్మల్ని ఎలా అంటానండీ?"

"నేను మొగుణ్ణి కాదనుకో. ఒక్కసారి, నా తల్లివి కదూ, తిట్టు."

"ఏవండీ... పోండి రా!"

ఇద్దరూ నా మీద పడి ఊపిరాడకుండా నవ్వారు. నాకూ ఊపిరాడలేదు. పెళ్ళిలో అక్షింతల కింద కూడా వాళ్ళు అంత ఆనందంగా ఉండి ఉండరు. కానీ నవ్వు అయిపోయాక కౌముది కళ్ళు కిటికీ వైపు తిరిగేవి. "ఈ మాటకే నాకు నోరు తిరగడం లేదు. అత్తయ్యకి ఇంక ఏ ధైర్యం చూపిస్తాను?"

ఆదివారం ఆఖరి తరగతి. తెల్లారితే డ్యూటీలో చేరాల్సిన సోమవారం. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంది. ఇంకా ఎండ పోలేదు. కౌముది నన్ను సంచిలో వేసి ముందు వైపు హత్తుకుని నిలబడింది. వెనక ఒకాయన. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చేతిలో టిఫిన్ క్యారియరు, నుదుట సన్నటి కుంకుమబొట్టు. ఏ పెళ్ళిలోనైనా ముందు వరసలో కూర్చోబెట్టే మొహం. ఆయన రెండో చెయ్యి ఎక్కడుందో నాకు కనబడలేదు. కౌముది వేళ్ళు నాలోకి దిగబడడం మాత్రం తెలిసింది. ఆమె గుండె నా దూదిలో కొట్టుకుంది. బస్సు కుదుపులకి అందరూ అటూ ఇటూ ఊగుతున్నారు, ఆ చెయ్యి మాత్రం ఊగడం లేదు.

ఒక స్టాపు గడిచింది. గొంతు రాలేదు. తర్వాత ఒళ్ళంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంది. నోట్లోంచి ఏ మాట వస్తుందో నాకే కాదు, ఆమెకీ తెలియదు.

"ఏవండీ! మీ చెయ్యి నా నడుం మీంచి తియ్యండి!"

బస్సులో ఉన్న మగవాళ్ళందరూ ఒక్కసారి తలలు తిప్పారు. నిద్రపోతున్నవాళ్ళు లేచారు. ఫోను మాట్లాడుతున్నవాళ్ళు ఆపేశారు. డ్రైవరు అద్దంలోకి చూశాడు. ఈ దేశంలో పెళ్ళైన ప్రతి మగవాడూ ఆ పిలుపుకి వెనక్కి తిరగాల్సిందే మరి. "పోరా" అని అరిచి ఉంటే ఎవరి గొడవో అనుకునేవారు. "ఏవండీ" అనేసరికి అందరూ తమనే అనుకున్నారు. అన్ని కళ్ళూ వచ్చి ఆ ఒక్క చెయ్యి మీద వాలాయి.

"రష్‌లో తగిలిందమ్మా" అన్నాడాయన, క్యారియరు రెండు చేతులతో పట్టుకుంటూ.

ఖాళీ చేపలబుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకామె తల ఎత్తింది. "తగిలితే తీసీయాల గానీ, అక్కడే ఉంచీసుకుంటారేటి బాబూ?"

"ఎవరది? దిగండి, దిగండి!" అంటూ కండక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. బస్సు ఆగింది. ఆయన తన స్టాపు కాని చోట దిగిపోయాడు. చేపలామె పక్కకి జరిగి చోటిచ్చింది. "కూకో తల్లీ. కాళ్ళు వణుకుతాయి, ఏటీ కాదు." కౌముది కూర్చుంది. వణికింది. కాసేపటికి ఆ వణుకులోంచే నవ్వు వచ్చింది.

బస్సు దిగాక నవ్వు ఆగిపోయింది. ఇంటి మలుపు దగ్గర నన్ను హత్తుకుని నిలబడింది. ఇంట్లో చెబితే "చూశావా, పట్టపగలే ఇలాగైతే రాత్రి ఇంకెలాగ?" అంటుంది అత్తయ్య. ఉద్యోగం పోయినట్టే. చెప్పకపోతే రేపు హాయిగా డ్యూటీకి వెళ్ళవచ్చు. ఆ నిమిషంలో ఆమె ఎటు తిరుగుతుందో నేను పందెం కాయలేకపోయాను.

గుమ్మంలోకి వస్తూనే చెప్పేసింది. పైడమ్మ అంతా విని, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా అడిగింది. "ఏటని అరిచేవు?"

"ఏవండీ, అని..."

"అలగే అరిచేవా? అలగైతే ఎవడికి ఇనబడుతాది?"

కౌముది నన్ను కింద పెట్టి, ఊపిరి తీసుకుంది. "ఏవండీ!"

పెరట్లోంచి గిరిధర్ సబ్బు నురగతో, నడుముకి తువ్వాలుతో పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి, పిలిచావా?" ఎదురింటి మేడ మీంచి కనకం పిన్ని మొగుడు తొంగి చూశాడు. పైడమ్మ నవ్వాపుకోలేక స్తంభం పట్టుకుంది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా కొంగు కళ్ళ మీంచి తియ్యలేదు.

"నీ వయసులో నాకూ అయిందే" అంది కొంగు చాటునుంచి. "పట్టపగలు, పూర్ణామార్కెట్టు కాడ. మీ మావయ్యకి తెలిసినోడే. నోరెత్తలేదు, ఇంటికాడ చెప్పలేదు. మార్కెట్టుకి ఎల్లడం మానీసినాను. అప్పట్నించీ ఎవులో తెచ్చిన కూరలే వండినాను. వంకాయలు ఏరుకోడమంటే నాకెంత ఇష్టమో తెల్సా? ఇంట్లో కూకోడమే కాసుకోడం అనుకున్నాను."

"అది మీ తప్పు కాదత్తయ్యా" అంది కౌముది. ఆ మాటకి మాత్రం ఆమె గొంతు ఎస్తేరు టీచరు గొంతులా తగ్గింది.

గిరిధర్ నురగ కారుతున్న చేత్తోనే తల్లి భుజం పట్టుకున్నాడు. ఆమె కొంగు దింపింది. కోడలిని చూసింది, కొడుకుని చూసింది, తర్వాత కిందకి వంగి నన్ను తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, చిలకల మీద దుమ్ము దులిపింది. పిడికిలి బిగించి, సందేహంగా, ఒక్క గుద్దు గుద్దింది. నిజం చెబుతున్నాను, వారం రోజులుగా తిన్న వాటిలో అదే గట్టిది. మూల కుట్టు పుటుక్కున విడిపోయి, నాలో దూది కొంత బయటికి లేచి గాలిలో తేలింది. కౌముది చేతులు చాచి దాన్ని అందుకోబోతూ చిన్నపిల్లలా ఎగిరింది.

"రేపు మద్దేనం నువ్వు డూటీకి ఎల్లు" అంది పైడమ్మ. "పొద్దున్న నేను పూర్ణామార్కెట్టుకి ఎల్తాను. ఒక్కర్తినీ, బస్సెక్కి. సాయంత్రం ఆ టీచరమ్మ కొత్త క్లాసు మొదలెడతాదన్నావు గదా? అయితే ఈ దిండు కుట్టించి ఉంచు, రేపు నాకు కావాల."