మేకుల ఫ్యాక్టరీకి సన్న టైర్లు

మేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసేవాడు సన్న టైర్ల రేసు సైకిలు కొనకూడదు. ఈ సంగతి అందరూ నాకు చెప్పారు, కొన్న తర్వాత. నడుం నొప్పి పట్టుకుని మా క్యాషియరు తన సైకిలు అమ్మేస్తుంటే, ఆ వంగిన హ్యాండిలూ, ఒక్క వేలితో లేచే బరువూ చూసి మనసు పారేసుకున్నాను. అప్పటిదాకా నడిచి వెళ్లేవాణ్ణి.

సైకిలు తప్పేమీ లేదు. తప్పంతా రోడ్డుది. ఫ్యాక్టరీ గేటు నుంచి వంతెన దాకా ఆ రోడ్డు మీద తిరిగేవి ఎక్కువగా మా లారీలే. మేకులకు గోనెసంచి ఒక లెక్కా? నాలుగు కుదుపులు పడితే ముందు మొనలు బయటికొస్తాయి, తర్వాత మేకులే దిగి నడుస్తాయి. ఎండ కాస్తే రోడ్డంతా మిలమిల మెరుస్తుంది. సంచులు మానేసి చెక్కపెట్టెలు వాడదామని ఎవరో అడిగితే, పెట్టెలు కొట్టాలంటే బోలెడు మేకులు వృథా అవుతాయని మేనేజరు గారు ఒప్పుకోలేదు.

పైగా మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ఉద్యోగి టైరులో మన మేకు దిగితే దాన్ని పీకి, తుడిచి, ఆఫీసులో అప్పగించాలి. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బోర్డుకు మేనేజరు గారు స్వహస్తాలతో దాన్ని గుచ్చి గంట కొడతారు. యంత్రాలు ఆపి అందరం చప్పట్లు కొట్టాలి. "మన మేకు పనిచేసింది," అంటారాయన. అలా పంక్చరై పొద్దున ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, భుజం తడతారు. నేను సైకిలు కొన్నాక ఆ బోర్డు నిండిపోయి పక్కన ఇంకోటి తగిలించారు.

నేను పనిచేసేది మొనల గదిలో. యంత్రంలోంచి వచ్చిన మేకుకు మొన సరిగ్గా తేలిందో లేదో బొటనవేలితో చూడాలి, తేలకపోతే సానరాయి మీద సరిచేయాలి. అందుకని అందరూ నన్ను మొనగాడంటారు. ఆ పేరు విని కొత్తగా చేరినవాళ్లు ఏ వస్తాదునో చూద్దామని వచ్చి, నన్ను చూసి వచ్చినదారినే వెళ్లిపోతారు.

పొద్దున పంక్చరైతే గంట మోగుతుంది. సాయంత్రం పంక్చరైతేనే నా కొంప మునుగుతుంది. మా ఆవిడది ఆసుపత్రి బట్టల గదిలో సాయంత్రం షిఫ్టు. ఉతికొచ్చిన దుప్పట్లూ దిండు గలీబులూ మడతపెట్టి వార్డులకు పంపిస్తుంది. ఆమె ఇల్లు చేరేసరికి నేను నిద్రలో ఉంటాను, నేను బయల్దేరేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. సెలవులు కూడా ఇద్దరికీ ఒక్కరోజున పడవు. నేను సాయంత్రం ఇల్లు చేరడానికీ ఆమె గడప దాటడానికీ మధ్య ఒక టీ తాగేంత వ్యవధి ఉంటుంది. మేం మొగుడూ పెళ్లాలుగా ఉండేది ఆ టీ తాగినంతసేపే. ఆమె వంటింటి గట్టుకు ఆనుకుని, భుజాన సంచీ తగిలించుకునే, ముందురోజు వార్డుల్లో జరిగినవన్నీ చెబుతుంది. నేను ఊదుకుంటూ వింటాను. అదంటే నాకు ప్రాణం. రోజంతా మొనలు నొక్కేది దానికోసమే.

దారిలో టైరుకి గాలి పోయిందా, అతుకేసుకుని చేరేసరికి తలుపుకు తాళం ఉంటుంది. ఒక వారమైతే ఆమె మొహమే చూడలేదు. ఆ తర్వాత దొరికిన సాయంత్రం ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీ మొహం మరిచిపోతున్నానండీ," అంది. "మొన్న వార్డులో ఎవరో పేషెంటుని చూసి మీరే అనుకున్నాను. దగ్గరుండి దుప్పటి కప్పి, ఇంట్లో పప్పు ఎక్కడ పెట్టానో కూడా చెప్పొచ్చాను."

"ఆయనేమన్నాడు?"

"సరేనన్నాడు. మీరూ అంతేగా." ఆమె గ్లాసు నా చేతికిచ్చింది. "ఏదో ఒక గట్టి టైరు వేయించండి. మరీ ఖరీదైంది వద్దు. గుచ్చుకోకపోతే చాలు."

మా బామ్మర్దికి సైకిళ్ల షాపుంది. వెళ్లగానే బంధుత్వం పక్కనపెట్టి కళ్లజోడు తగిలించుకున్నాడు.

"ఎలాంటిది కావాలి బావా?"

"చవగ్గా ఉండాలి. మేకు దిగకూడదు."

"ఎవరి మేకు?"

"మాది."

వాడు కళ్లజోడు తీసేశాడు. "నా షాపు నడిచేదే మీ మేకుల మీద. ఇంట్లో మనిషివి, నువ్వే ఇలా అడిగితే ఎలా?"

"మీ అక్క అడగమంది."

అక్క పేరెత్తితే వాడు నోరెత్తడు. లోపలికెళ్లి ముందుగా అసలు గాలే అక్కర్లేని టైరు తెచ్చాడు. లోపలంతా రబ్బరే. గాలే లేనప్పుడు పోయేదేముందన్నాడు, నిజమే కదా అనిపించింది. వీధి చివరిదాకా తొక్కి వచ్చేసరికి నా కళ్లజోడు గడ్డం మీదికీ, జేబులో పెన్ను రోడ్డు మీదికీ దిగాయి. మాట్లాడదామంటే కాసేపటిదాకా మాట కూడా వణికింది. తర్వాత బరువు బళ్లకు వేసే లావుపాటి టైరు తెచ్చాడు. అది నా సైకిలు ఫోర్కు మధ్యలో పట్టనే లేదు. మూడోది పందేలవాళ్లు వేసుకునేది. పట్టుగుడ్డలా మడతపడింది. ధర చెప్పి వాడే ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ ధరకు నా సైకిలు ఇంకోటి వస్తుంది. అదీకాక అంత పల్చటి టైరుకు మా మేకును దూరం నుంచి చూపించినా గాలి వదిలేసేలా ఉంది.

"ఇక మిగిలింది ఇదొక్కటే," అని అటక మీంచి దుమ్ము పట్టిన జత దింపాడు. "పైన రబ్బరు దళసరి. దానికింద గట్టి దారంతో నేసిన పట్టీ ఉంది చూడు, మేకు రబ్బరు దాటినా అక్కడ ఆగిపోతుంది. పక్కలకు ఆ పట్టీ ఉండదు. పక్కనించి ఏదన్నా కోసుకుంటే నన్ననొద్దు. అంచులో ఇనప తీగ ఉంటుంది కాబట్టి మడవడానికి రాదు, కాస్త బరువు, కాస్త మొండి. అందుకే చవక. నీ ఫోర్కులో పట్టినంతలో వెడల్పుది ఇస్తున్నాను. అలాగని గాలి రాయిలా కొట్టించకు."

నా జేబులో ఎప్పుడూ మేకులుంటాయి. ఒకటి తీసి ఆ టైరు మీద పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాను. రబ్బరులో దిగింది. పట్టీ దగ్గర ఆగింది. ఇంకోటి కొట్టాను. అదీ ఆగింది. నాకు ఆనందం, దాని వెనకే ఎక్కడో చిన్న అవమానం. మా బామ్మర్ది మాత్రం షాపు మూసే రోజు దగ్గరపడినట్టు మొహం పెట్టాడు. అక్క కోసం ఇస్తున్నానని చెప్పి టైర్లు బిగించి పంపాడు.

ఆ రోజు నుంచి నా సాయంత్రాలు నావయ్యాయి. వానాకాలం పోయి చలి మొదలయ్యేదాకా ఒక్క టీ కూడా చల్లారలేదు. నా పప్పు సంగతి విన్న పేషెంటు ఇంటికెళ్లిపోయాడని, వెళ్తూ వెళ్తూ నన్ను అడిగినట్టు చెప్పమన్నాడని మా ఆవిడ చెప్పింది. ఒకసారి నవ్వుతూ నవ్వుతూ గట్టు మీద చెయ్యి వేసి, "మీరిలా రోజూ వస్తుంటే ఎంత బాగుందో," అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అలాంటి మాట అనడం నేను వినలేదు. నాకు ఏం చేయాలో తోచక ఖాళీ గ్లాసులోంచి ఇంకో గుక్క తాగాను.

ఇక్కడ ఇలా ఉంటే ఫ్యాక్టరీలో గంట మూగబోయింది. రోజూ సైకిలు మీద వచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి బోర్డుకు కొత్త మేకు రావడం ఆగిపోయింది. మేనేజరు గారు పొద్దున్నే గంట తుడిచి, గేటువైపు చూసి, మళ్లీ తుడిచేవారు. ఒకరోజు నేను సైకిలు నిలబెట్టే చోటికి వచ్చి, ప్యాంటు మోకాళ్లు పైకి లాక్కుని కూర్చుని, టైరును నొక్కి చూశారు.

"ఏమయ్యా, మన మేకు మీద నీకు నమ్మకం లేదా?"

"ఉంది సార్."

"ఉంటే ఈ టైరెందుకు?"

"నమ్మకం ఉండబట్టే సార్ కొన్నాను."

ఆయన టైరును ఇంకోసారి నొక్కారు. "నువ్వన్నది జవాబులాగే ఉంది. కానీ నాకు మనశ్శాంతిగా లేదు," అన్నారు.

ఆ మధ్యాహ్నం నా సైకిలును సమావేశం గదిలోకి మోసుకెళ్లి బల్ల మీద పెట్టారు. చుట్టూ పెద్దలంతా కూర్చున్నారు. నాకు కుర్చీ మిగల్లేదు, సైకిలు పక్కన నిలబడ్డాను. అమ్మకాల పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. ఈ సంగతి బయటికి పొక్కితే రేపు గోడలు కూడా మన మేకును లోపలికి రానివ్వవన్నాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేద్దామని ఒకరన్నారు. తీసేస్తే నేను ఆ టైర్లతో ఇంకో ఫ్యాక్టరీకి వెళ్లి పరువు తీస్తానని ఇంకొకరన్నారు. రోడ్డు ఊడిపిద్దామని మాత్రం ఎవరూ అనలేదు. చివరికి మేనేజరు గారు తేల్చారు. ఆ టైరులో దిగే మేకును తయారుచేయాలి. చేయాల్సింది మొనల గదివాడు, అంటే నేను.

నేను కుదరదని చెప్పొచ్చు. చెప్పాలనే నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు మేనేజరు గారు పక్కనాయనతో, "పాపం, ఇతని వల్ల కాదేమోలెండి," అన్నారు.

ఆ ఒక్క మాట నా పౌరుషాన్ని రెచ్చగొట్టింది. నా చేతుల మీదుగా వెళ్లిన మొన ఇంతవరకూ బాగాలేదని తిరిగి రాలేదు. చేసిస్తానన్నాను.

గుండ్రటి మొన దారాల మధ్య ఇరుక్కుని ఆగిపోతోంది. దారాన్ని తోసి లాభం లేదు, కోయాలి. అంటే మొనకు అంచులుండాలి. రెండంచులు పెట్టి చూశాను, వంగిపోయింది. మా బామ్మర్ది దగ్గర అలాంటిదే ఒక పాత టైరు ముక్క తెచ్చుకుని దాని మీద రోజుకో మేకు కొట్టేవాణ్ణి. ఎందుకని వాడడిగితే, ఊరికేనన్నాను. పనిలో పడ్డాక నాకు పట్టపగ్గాల్లేవు. సానరాయి తిరుగుతుంటే ఆకలి కూడా తెలిసేది కాదు. సాయంత్రం మాత్రం వేళకే ఇంటికి చేరేవాణ్ణి, టైర్లు మంచివి కదా.

ఒకరోజు మా ఆవిడ, వార్డులో ఒక పెద్దావిడ తన దుప్పటి తనే మడతపెట్టుకుంటానని పట్టుబట్టిన సంగతి చెబుతోంది. ఇద్దరూ చెరో కొస పట్టుకున్నారట.

"మూడంచులైతే?" అన్నాను.

"ఏమిటి?"

"ఏం లేదు, నువ్వు చెప్పు."

"మీరింకా ఇల్లు చేరినట్టు లేరు," అని గ్లాసులు కడిగి వెళ్లిపోయింది. ఆమె బాధపడిందని తెలిసింది. రేపు సరిగ్గా వినాలనుకున్నాను. అలా అనుకుంటూనే మూడంచుల బొమ్మ గోడ మీద వేలితో గీశాను.

మూడంచులే సరైంది. దాన్ని సానపట్టి వెలుతురులో పెట్టి చూసినప్పుడు నా చేతి పని మీద నాకే ముచ్చటేసింది. షిఫ్టు అయిపోయే వేళకు అందర్నీ ఆవరణలోకి పిలిచారు. మేకును నేల మీద నిలబెట్టి, దాని తల చుట్టూ మట్టి అదిమారు. మేనేజరు గారు నా సైకిలుకు నమస్కారం పెట్టారు. నేను ఎక్కి, దూరం నుంచి తొక్కుకుంటూ వచ్చి, ముందు చక్రాన్ని తిన్నగా దాని మీదికి పోనిచ్చాను. పక్కకు తప్పించడం నా చేతిలో పనే. హ్యాండిలు వేలెడు తిప్పితే చాలు. తిప్పాలని కూడా అనిపించలేదు. నా మొన ఏం చేస్తుందోనన్న ఆత్రమే తప్ప ఇంకేమీ లేదు.

టైరు బుస్సుమంది. తర్వాత గంట మోగింది, మోగుతూనే ఉంది. అమ్మకాల పెద్దాయన ఈసారి ఆనందంతో ఏడ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. రేపటి నుంచి మేకులన్నిటికీ ఇదే మొన అని మేనేజరు గారు ప్రకటించారు. బోర్డు పక్కన నన్ను నిలబెట్టి ఫొటో తీయించారు. ఆ మేకును మాత్రం నేను అడిగి తీసుకున్నాను, మా ఆవిడకు చూపిద్దామని.

గేటు బయటికొచ్చాక గానీ వేళ సంగతి గుర్తుకురాలేదు. అతుకుల సామాను వెంట తెచ్చుకోవడం మానేసి చాలాకాలమైంది. సైకిలు తోసుకుంటూ పరుగులాంటి నడక మొదలుపెట్టాను. వంతెన మీదికి వచ్చేసరికి అవతలి నుంచి భుజాన సంచీతో ఆమె వస్తోంది. నన్ను చూసి ఆగింది. చదునైపోయిన టైరు వైపు చూసింది.

"ఆ టైరుకి పంక్చరవదన్నాడే తమ్ముడు," అంది. "వాణ్ణి రేపు అడుగుతాను."

"వాడి తప్పేం లేదు. ఇదిగో, ఇది చూడు." జేబులోంచి మేకు తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

ఆమె దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసింది. మొన మీద బొటనవేలు ఆనించి, చురుక్కుమనేసరికి తీసేసింది.

"ఎంత పదునుందో. ఎవరు చేశారండీ దీన్ని?"

"నేనే," అన్నాను. సిగ్గుపడుతూ చెప్పాల్సిన మాట, ఛాతీ విరుచుకుని చెప్పాను. నోరు జారాక గానీ నాకే తెలియలేదు.

మా పక్కనించి కొత్త మేకులకు తీగ తీసుకెళ్లే లారీ ఒకటి పోయింది. అది పోయేదాకా ఆమె నా మొహంలోకి చూస్తూ ఉంది. మరిచిపోతున్నానన్న మొహాన్ని గుర్తుపట్టడానికి చూస్తోందనుకున్నాను. గుర్తుపట్టిందని తర్వాత తెలిసింది.

"ఇన్నాళ్లూ ఆ ఫ్యాక్టరీ మీద కోపం పెట్టుకున్నాను," అంది మెల్లగా. "మనల్ని వాళ్లు విడదీస్తున్నారని. మీరు కాదని."

మేకు నా చేతిలో పెట్టి, సంచీ భుజం మీదికి సర్దుకుంది. షిఫ్టుకు వేళైందని చెప్పి వంతెన దిగి వెళ్లిపోయింది. వెనక్కి పిలుద్దామనుకున్నాను. పిలిస్తే ఆగేదే. నా బొటనవేలు అప్పటికే ఆ మొన పదును చూస్తోంది.