నాలుగో సీసాలో బేరిపండు

మా తమ్ముడికి వాసన తెలియకుండా పోయి ఏడాది కావస్తోంది. జ్వరం వచ్చి తగ్గింది, పోతూ పోతూ ముక్కు శక్తిని పట్టుకుపోయింది. వాడి బతుకుతెరువేమో వైన్ వాసన చూసి పదిమందికీ వివరించడం. నా ఖర్మ కాకపోతే, ఈ వయసులో వాడి ముక్కు పని కూడా నేనే చేస్తున్నాను.

ఆ రోజు హోటల్లో ఒకే దేశపు వైన్లతో విందు. కుర్రతనంలో ఆ దేశపు ద్రాక్షతోటల్లో పనిచేశాడని వీణ్ణి పిలిచారు. మా ఏర్పాటు ఇదీ: వంటగదిలో ప్రతి సీసా నేనే తెరిచి వాసన చూస్తాను. బాగుంటే బిరడా తెచ్చి వాడి పళ్ళెం పక్కన పెడతాను. పెట్టలేదంటే సీసా పాడైందని అర్థం. ఏ వైన్ గురించి ఏం చెప్పాలో ఆ కబుర్లన్నీ వాడికి కంఠతా వచ్చు. ఒక్కరు పసిగట్టినా వాడి పని అయిపోయినట్టే. ఇంకో పని చేతకాదు వెధవకి.

మూడు సీసాలు సాఫీగా నడిచాయి. నాలుగోది హోటలు యజమాని తనే రుమాలు చుట్టి తెచ్చి, ముందుగా మావాడి గ్లాసులో పోశాడు. బిరడా లేదు. ఆ సీసా నేను వాసన చూడనేలేదు.

వాడు నా వంక చూశాడు. బల్లకు అవతల నిలబడి నేనేం చెప్పగలను? గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చాడు.

"బేరిపండు," అన్నాడు. "వాన వెలిశాక చెట్టు కింద రాలిన పండు. ద్రాక్షతోటలో మేం బుట్టలు దించి కూర్చునే చోట అచ్చం ఇదే వాసన."

గొంతు వణికింది. ఎంత బాగా నటిస్తున్నాడురా నాయనా అనుకున్నాను.

యజమాని అందరికీ పోసి, నా చేతికీ ఒక గ్లాసు ఇచ్చాడు. తడిసి ముక్కిపోయిన గోనెసంచి కంపు. అతిథులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అవునండీ, బేరిపండే," అంది ఒకావిడ. మిగతావాళ్ళూ తలలూపి గుటుక్కున మింగారు. అంతటివాడు చెప్పాక కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

యజమాని మాత్రం తాగలేదు. నా వెనకాలే వంటగదిలోకి వచ్చాడు.

"నిన్న ఒకాయన బూజు కంపని తిప్పి పంపిన సీసా అది," అన్నాడు మెల్లగా. "అనుమానమొచ్చి పరీక్షకి నేనే పెట్టానమ్మా. ఎప్పటినుంచి ఇలా?"

"జలుబు చేసిందండీ, అంతే."

"నా దగ్గర దాపరికం ఎందుకులెండి. వచ్చే నెల నుంచి వేరే ఆయన్ని చూసుకుంటాను. మిగతా హోటళ్ళవాళ్ళు అడిగితే దాచలేను."

కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

అంతలో తలుపు తోసుకుని తమ్ముడొచ్చాడు, అదే గ్లాసుతో. కళ్ళనిండా నీళ్ళు.

"అక్కా, వచ్చిందే," అన్నాడు. "నటన కాదు, ఒట్టు. నిజంగా బేరిపండు వాసన వచ్చింది. ఇక నువ్వు నా వెంట తిరగక్కర్లేదు."

గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఉందా, లేదా? చెప్పు."

అదే గోనెసంచి కంపు.

"ఉందిరా," అన్నాను.