మా నాయన నోటిలెక్క

ధర్మవరం ఆంజనప్ప ఎవరో నాకు తెలియదు. ముఖం కూడా చూడలేదు. అయినా మూడు నెలలుగా ఆ పేరు కనిపిస్తే చాలు, నాకు ఒళ్లు మండేది. ఫోన్‌లో ఆడే నోటిలెక్కల పోటీలో ప్రతి సాయంత్రం ఆయనదే మొదటి స్థానం, మాది రెండోది. ఒకరోజు రెండు సెకన్ల తేడా, ఇంకోరోజు ఒక్క సెకనే.

మేమంటే నేనూ, మా నాయన భాస్కరయ్యా. హిందూపురం బజారులో నలభై ఏళ్లు ధాన్యం అంగడి నడిపిన మనిషి. ఉగాది వెళ్లిన వారానికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తొందరగానే బాగుపడ్డాయి గానీ, మా నాయన మాత్రం మాకు తిరిగి రాలేదు. అంగట్లో కూర్చోబెడితే అది ఎవరిదో అన్నట్టు చూసేవాడు. ఒకనాడు రాగుల బస్తా మీద చెయ్యి వేసి, "ఇవి ఏం గింజలురా?" అని అడిగాడు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

రోజూ పైకి లెక్కలు చెప్పించమన్నాడు పెనుకొండ డాక్టరు. అందుకే ఈ ఆట మొదలుపెట్టాం. డాక్టరు చెప్పించమన్నాడే గానీ గెలిపించమనలేదు. నేనే ఆంజనప్పతో పంతానికి పోయి, "తొందరగా చెప్పు నాయనా, టైము పోతాండాది!" అని పెద్దాయన మీద అరిచేవాణ్ణి. అరిచాక సిగ్గేసేది. మర్నాడు మళ్లీ అరిచేవాణ్ణి.

"ముందు మీకు చేయించల్ల వైద్యం," అనేది నా భార్య అర్చన.

మొన్న ఆదివారం మొదటిసారి ఆంజనప్పను దాటాం. ఇక ఆఖరి రౌండు ఒక్కటే మిగిలింది. తెర మీద గంపలోకి ఒక్కొక్కటిగా మామిడిపండ్లు పడుతుంటే ఫోనుకు వినబడేలా పైకి లెక్కపెట్టాలి, అంతే. గెలిచేశామనుకున్నాను.

మొదటి పండు పడింది.

"లాభం," అన్నాడు నాయన.

తెర మీద ఎర్రగీత పడింది. ఆట అయిపోయింది, ఆంజనప్ప మళ్లీ పైకెక్కాడు. ఫోను గోడకేసి కొట్టబోయాను. నాయన మాత్రం ఆగలేదు. "రెండూ... మూడూ... నాలుగూ..." అని రాగం తీస్తూనే ఉన్నాడు. కుడిచెయ్యి, కొలిచే పడితో గింజలు తోడి గోనెలో ఒంపుతున్నట్టు కదులుతోంది.

మా అంగట్లో కొలిచేటప్పుడు ఒకటి అనరు. మొదటి పడిని లాభం అనే ఎంచుతారు. ఆ మాట ఆయనకు ఎవరూ గుర్తుచేయలేదు. ఐదు నెలల తర్వాత దానంతట అదే నోట్లోంచి వచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

"ఏమిరా, నగుతాండావు? నేను యాడ తప్పినా?"

"యాడా తప్పలేదు నాయనా. ఆ ఫోనుకే కొలత తెల్దు."

"నీకు మాత్రం తెలుసునా? రేప్పొద్దున అంగడికి నేనే వస్తా," అన్నాడు నాయన.